వదిన ప్రాసెసర్, మరదలి మెమరీ

గెలిచింది మీరేనని మైకులో చెప్పగానే వదిన కుర్చీ ఎక్కి నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. మరదలికి కూడా ఈల వేయాలనే ఉంది కానీ, వదిన ఎక్కింది కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ కావడంతో, అది జారిపోకుండా వదిన కాళ్ళు వాటేసుకుని కూర్చోవలసి వచ్చింది. కంప్యూటర్ల షాపు పై అంతస్తులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఓడిపోయిన కాలేజీ కుర్రాళ్ళు కూడా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు.

ఇద్దరు కలిసి ఆడే ఆటల పోటీ అది. కొండదారుల్లో లారీతో సరుకు చేరవేయాలి. జట్టులో ఒకరు లారీ నడపాలి, ఇంకొకరు ముందుగా వెళ్ళి వాగుల మీద వంతెనలు వేసి, దారికి అడ్డమైనవి తొలగించాలి. ఆఖరి ఆటలో వీళ్ళకి ఎదురు నిలిచింది కాలేజీ కుర్రాళ్ళు కాదు, ఉద్యోగాల నుంచి రిటైరైన ఒక జంట. మామ్మగారు లారీ నడిపింది, తాతగారు వంతెనలు వేశారు. గీత దాటేటప్పుడు రెండు లారీల మధ్య తేడా ఒక ముందు చక్రమంత. "ఈసారి వదిలేశాను, మళ్ళీ దొరక్కపోతావా!" అని మామ్మగారు వదిన చెయ్యి ఊపి ఊపి వదిలింది.

వదిన టవర్ క్రేన్ నడుపుతుంది. పెద్ద పెద్ద భవనాలు కట్టే చోట, అన్నిటికన్నా ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని రెండు లీవర్లతో ఇనుమూ సిమెంటూ అటూ ఇటూ చేరుస్తుంది. మరదలు ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. వదిన ఆ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఇద్దరి మధ్యా "తిన్నావా?", "తిన్నాను" తప్ప వేరే మాట ఉండేది కాదు. ఒక వానరోజు మరదలు ఆడుతున్న లారీ లోయలో బోల్తా పడుతుంటే వెనక నిలబడి చూస్తున్న వదిన ఉండబట్టలేక, "అయ్యో, అలా కాదు పిట్టా, ఇటివ్వు," అని కీబోర్డు లాక్కుంది. అప్పటి నుంచి మరదలి పేరు పిట్ట అయిపోయింది, ఇంట్లో పాత కంప్యూటర్‌కి విశ్రాంతి లేకుండా పోయింది.

బహుమతి గేమింగ్ ల్యాప్‌టాప్. షాపు మేనేజరు టై సర్దుకుంటూ రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు.

"ఈ రెండిట్లో ఏది కావాలంటే అది తీసుకోవచ్చు మేడమ్. స్క్రీన్ ఒకటే, గ్రాఫిక్స్ కార్డు ఒకటే, రంగూ ఒకటే. కాకపోతే ఇందులో ప్రాసెసర్ చాలా స్పీడు. అందులో మెమరీ రెట్టింపు."

"ఇది," అంది వదిన.

"అది," అంది మరదలు.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫొటో తీసేవాడు సరిగ్గా అప్పుడే నొక్కాడు. మర్నాడు షాపు గోడ మీద అతికించిన ఫొటోలో విజేతలిద్దరూ కొట్టుకోబోతున్నట్టు కనిపించారు.

"ఆలోచించుకుని రేపు చెప్పండి," అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చేసరికి వదిన భర్త వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆయన ఈత నేర్పే మాస్టారు. కొలను నుంచి ఎప్పుడొచ్చినా మెడలో విజిల్ తీయడం మర్చిపోతాడు. గెలిచామని వినగానే కత్తి పక్కన పడేసి ఆ విజిల్ ఊదాడు. రెండో మాట వినేలోపే తీర్పు చెప్పవలసిన పని ఆయన నెత్తిన పడింది.

"లారీ బండరాయి ఎక్కిందనుకోండి," అని వదిన మొదలుపెట్టింది. "ఒక చక్రం గాల్లో, ఒకటి బురదలో. వెనక సరుకు ఒక పక్కకి జరిగిపోతుంటుంది. ఇవన్నీ అప్పటికప్పుడు లెక్కగట్టేది ఎవరు? ప్రాసెసర్. అది నత్తలా ఉంటే నేనివాళ తిప్పిన స్టీరింగు రేపు తిరుగుతుంది."

"బాగానే ఉంది," అంది మరదలు. "మరి ఆ లారీ వెళ్ళే ఊరో? అది ఆ ఆటలోనే నేను సొంతంగా కట్టిన ఊరు అన్నయ్యా. ఇళ్ళు, చెట్లు, వీధిదీపాలు, రోడ్డు దాటే గొర్రెలు. ఇవన్నీ ఒకేసారి పరుచుకోడానికి చోటుండొద్దూ? ఆ చోటే మెమరీ. అది నిండిపోతే వదిన లారీ ఫొటోకి నిలబడ్డట్టు నడిరోడ్డు మీద నిలబడిపోతుంది."

"గొర్రెలు తీసెయ్."

"వదినా, గొర్రెల జోలికి రాకు."

"ప్రాసెసరంటే పనిచేసే చెయ్యి పిట్టా. చెయ్యి లేనిదే పనేముంది?"

"మెమరీ అంటే ఆ పని పెట్టుకునే బల్ల. బల్ల లేకపోతే ఆ చేత్తో ఏం చేస్తావు, గాల్లో ఊపుకుంటావా?"

మాస్టారు ఇటు చూశాడు, అటు చూశాడు. కంట్లో ఉల్లిపాయ నీళ్ళు తుడుచుకుంటూ, "నాకేమనిపిస్తోందంటే, మీ ఇద్దరూ చెప్పింది కరెక్టే," అన్నాడు.

సోఫాలో ఉన్న దిండ్లు రెండూ రెండు వైపుల నుంచీ వచ్చి ఆయనకి తగిలాయి.

భోజనాల దగ్గర కూడా అదే గోల. అన్నం ప్రాసెసర్ అయింది, కంచం మెమరీ అయింది. పెరుగు ఏమిటన్న దగ్గర ఇద్దరికీ నవ్వాగక తగువు సగంలో ఆగింది.

మర్నాడు వదిన క్రేన్ ఎక్కేసరికి కింద ఆవరణంతా నిండిపోయి ఉంది. ఇటుకలు ఒక పక్క, చెక్కలు ఒక పక్క, ఎవరో పొరపాటున ముందే పంపించేసిన కిటికీలు ఇంకో పక్క. వదిన ఇనుప కడ్డీల కట్టని అవలీలగా పైకి లేపి, తిప్పి, దించబోయింది. కింద నుంచి సైగలు చేసే మనిషి వాకీటాకీలో గగ్గోలు పెట్టాడు.

"ఆగండి మేడమ్, దించకండి! చోటు లేదు!"

"పక్కన?"

"పక్కన కిటికీలు మేడమ్."

"అవతల?"

"అవతల కూడా కిటికీలే."

కడ్డీల కట్ట గాల్లో వేలాడుతోంది. అది ఆ కంపెనీలోకెల్లా కొత్త క్రేన్, వేగమైన క్రేన్. దాన్ని నడిపే మనిషి చేతినేర్పుకి పేరుమోసింది. ఇద్దరూ కలిసి చెయ్యగలిగిందల్లా ఆకాశంలో ఎదురుచూడటం. రాత్రి మరదలన్న మాట వదినకి అక్కడ, అంత ఎత్తున తట్టింది. బల్ల లేకపోతే చెయ్యి గాల్లో ఊపుకోవడమే! ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. వాకీటాకీ బటన్ నొక్కి ఉందని చూసుకోలేదు.

"మేడమ్," అన్నాడు కింద మనిషి భయంభయంగా, "పైన అంతా బాగానే ఉందా?"

చోటు చేసి, కట్ట దించి, కిందికి దిగాక టీ తాగకుండానే షాపుకి ఫోన్ చేసింది వదిన. "బాబూ, మెమరీ ఎక్కువున్నది ఇచ్చేయండి. మా మరదలికి చెప్పకండి, నేనే ఇంటికి తీసుకెళ్ళి ఎదురుగా పెడతాను."

"నిన్న మీరు ప్రాసెసర్ అన్నట్టు గుర్తు మేడమ్."

"నిన్న నాకు బుద్ధి లేదు."

ఇటు ల్యాబ్‌లో మరదలి పరిస్థితి తలకిందులుగా ఉంది. రోజూ పరీక్షలు చేసే యంత్రం రిపేరుకి పోవడంతో స్టోరుగదిలో దుమ్ము కొట్టుకున్న పాతదాన్ని తెచ్చిపెట్టారు. ల్యాబ్‌లో చోటుకి కొదవ లేదు. కొత్తగా వేయించిన పొడుగాటి బల్లల మీద రక్తం గొట్టాలు వరసలు వరసలుగా, పేర్లు కనిపించేలా ముద్దుగా నిలబడి ఉన్నాయి. పాత యంత్రం మాత్రం ఒక గొట్టం తీసుకుని మూలిగి, కాసేపు ఊరుకుని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మూలుగుతోంది. డాక్టరు తలుపు తోసుకుని తొంగి చూశాడు.

"రిపోర్టులు ఎంతవరకొచ్చాయమ్మా?"

"గొట్టాలన్నీ చక్కగా సర్దిపెట్టాను సార్."

"సర్దింది కనిపిస్తోంది. రిపోర్టులు?"

మరదలు యంత్రం వైపు చూసింది. యంత్రం మూలిగింది. అంత పొడుగు బల్ల, దాని నిండా పని, చేసే చెయ్యి మాత్రం ఒక్కటి, అదీ వణుకుతూ. ఆమె పెదవి కొరుక్కుని, గ్లవ్స్ విప్పి, వరండాలోకి పరిగెత్తి షాపుకి ఫోన్ చేసింది.

"ప్రాసెసర్ బాగున్నదే ఇవ్వండి. మా వదినకి తెలియనివ్వకండి. సర్‌ప్రైజు."

అవతల మేనేజరు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. "మేడమ్," అన్నాడు చివరికి, "సాయంత్రం మీరిద్దరూ ఒకసారి కలిసి వస్తే బాగుంటుంది. నాకు కొంచెం తల తిరుగుతోంది."

సాయంత్రం మాస్టారిని కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ షాపుకి వెళ్ళారు. దారిలో ఇద్దరూ తెగ మురిసిపోతూ, ఒకరికి తెలియకుండా ఒకరు మాస్టారికి కన్ను కొట్టారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా ఇద్దరికీ తిరిగి కన్ను కొట్టాడు.

మేనేజరు రెండు ఫోన్ల సంగతీ బయటపెట్టేశాడు.

"నువ్వెందుకలా చెప్పావు?" అంది వదిన.

"నువ్వు చెప్పలేదూ?" అంది మరదలు.

"నీ కోసం చెప్పాను!"

"నేనూ నీ కోసమే చెప్పాను!"

"అయితే నా మాట విను. బల్ల లేకపోతే చెయ్యి దండగ. ఇవాళ కళ్ళారా చూశాను. మెమరీ ఉన్నదే తీసుకుందాం."

"నేనూ చూశానమ్మా! బల్లంతా పరిచి కూర్చుంటే పనవుతుందా? ప్రాసెసరే కావాలి."

"మరి నీ గొర్రెలో?"

"గొర్రెలు తీసేస్తాను."

"గొర్రెల జోలికి రాకు!" అని కేకవేసింది వదిన.

షాపులో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు తలెత్తారు. ఒకావిడ హెడ్‌ఫోన్స్ కొనడం మానేసి దగ్గరగా వచ్చి నిలబడింది. నిన్న సాయంత్రం ఒకరన్న మాటలు ఇవాళ రెండోవాళ్ళు పొల్లు పోకుండా అంటుంటే మాస్టారు కాసేపు విని, ఇక ఆగలేక మెడలో విజిల్ తీసి గట్టిగా ఊదాడు. షాపంతా నిశ్శబ్దమైపోయింది. మేనేజరు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒడ్డుకి రండి ఇద్దరూ," అన్నాడు మాస్టారు అలవాటు కొద్దీ. "అవతలి వాళ్ళకేం కావాలో చెప్పడం ఆపండి. నీకేం కావాలి?"

వదిన ఆలోచించింది. "పిట్ట కట్టిన ఊళ్ళో నా లారీ ఆగకుండా తిరగాలి. అంతే."

"నీకు?"

"నాకూ అదే," అంది మరదలు.

"అంటే రెండూ కావాలి."

రెండూ ఉన్నది బహుమతిలో లేదు. ముగ్గురూ పెట్టెల వంక దిగులుగా చూశారు. అప్పుడు వదిన ఒక మాట అడిగింది. ఏ యంత్రం ఎక్కబోయినా ముందు దాని మూత తీసి లోపల చూడటం ఆమెకి అలవాటు.

"బాబూ, దీని వెనక మూత విప్పి చూపిస్తారా?"

ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదని మేనేజరు అన్నాడు. కానీ అడ్డు చెప్పలేదు. ప్రదర్శనకి పెట్టిన రెండు ల్యాప్‌టాప్‌లనీ తెప్పించి బోర్లించి స్క్రూలు తీయించాడు. నాలుగు తలలు ఒకదానికొకటి తగిలేలా అందరూ వంగి చూశారు.

మెమరీ ఎక్కువున్న దాంట్లో అంతా బోర్డుకే అతికించేసి ఉంది. తీయడానికి లేదు, పెట్టడానికి లేదు. ప్రాసెసర్ మంచిదున్న దాంట్లో ప్రాసెసర్ అతికించే ఉంది కానీ, మెమరీ మాత్రం విడిగా, చూయింగ్ గమ్ బద్దంత పచ్చటి ముక్కగా, ఒక గాడిలో కూర్చుని ఉంది. దాని పక్కనే అలాంటిదే ఇంకో గాడి. ఖాళీగా.

వదిన వేలు ఆ ఖాళీ గాడి మీద ఆగింది. "పిట్టా."

"చూశాను వదినా."

"చెయ్యి మనం మార్చుకోలేం."

"బల్ల పొడిగించుకోవచ్చు!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. హెడ్‌ఫోన్స్ ఆవిడ చప్పట్లు కొట్టింది. ప్రాసెసర్ పెట్టె వదిన చంకలోకి వచ్చేసింది. మెమరీ ముక్క విడిగా కొనుక్కుందామని అడిగితే మాత్రం, ఆ రకం స్టాకు అయిపోయిందనీ, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేననీ మేనేజరు నసిగాడు. సరే, వచ్చినప్పుడే చూద్దామని బయల్దేరబోతుండగా తలుపు తోసుకుని నిన్నటి మామ్మగారు, ఆవిడ వెనకాలే తాతగారు వచ్చారు.

"ఏం బాబూ, మాకిచ్చిన రెండో బహుమతి ఇదేనా?" అంటూ మామ్మగారు చిన్న అట్టపెట్టె బల్ల మీద పెట్టింది. "మా కంప్యూటర్లో ఎలా దూర్చినా దూరదు. ఈయన సబ్బు రాద్దామంటున్నారు."

"నేననలేదు," అన్నారు తాతగారు. "ఊరికే అడిగాను."

మేనేజరు పెట్టె తెరిచాడు. లోపల పచ్చటి ముక్క. "ఇది ల్యాప్‌టాప్‌లో పెట్టే మెమరీ అండీ. మీ ఇంట్లో ఉన్నది పెద్ద కంప్యూటర్ కదా, దానికి పట్టదు. కానీ బహుమతిగా ఇచ్చినది మార్చివ్వడానికి లేదండీ."

వదిన, మరదలు, మాస్టారు ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ ముక్కనే చూస్తున్నారు. మామ్మగారు అది గమనించింది. వదిన చంకలో పెట్టెనీ గమనించింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓహో! కావాలా?"

"మేం కొనుక్కుంటామండీ," అంది మరదలు.

"కొనుక్కుంటే మజా ఏముంది? ఒక్క ఆట ఆడదాం. మీరు గెలిస్తే పట్టుకుపోండి. మేం గెలిస్తే ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి మాతో ఆడాలి. మాతో ఆడేవాళ్ళు దొరక్క ఈయనతోనే ఆడి ఆడి విసుగొచ్చింది."

"నాకు రాలేదా విసుగు?" అన్నారు తాతగారు.

షాపు వాళ్ళు క్షణాల్లో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టేశారు. వదిన చేతులు రుద్దుకుంది. మామ్మగారు కళ్ళజోడు తుడుచుకుంది. మాస్టారు విజిల్ ఊదగానే రెండు లారీలూ దూకాయి.

మొదటి వాగు దగ్గర వదిన ముందుంది. రెండో వాగు మీద మరదలు వంతెన ఎంత చకచకా వేసిందంటే లారీ వేగం తగ్గించే పనే లేకపోయింది. "పోనీ పోనీ పోనీ!" అంటూ ఆమె కుర్చీలో ఎగురుతోంది. ఆఖరి వంతెన దాటితే చాలు గీత. సరిగ్గా అప్పుడు కొండ మలుపులోంచి ఒక గొర్రెల మంద తీరుబడిగా వంతెన మీదికి వచ్చింది.

"వదినా, గొర్రెలూ!"

ఆ ఆటలో గొర్రెల్ని గుద్దినా ఏమీ కాదు, ఎగిరి పక్కన పడి మళ్ళీ మేత మేస్తాయి. ఆ సంగతి వదినకి తెలుసు. కానీ మరదలి కేక విని వేలు తనంతట తానే బ్రేకు బటన్ మీదికి పోయింది. లారీ ఆగింది. వెనకున్న సరుకు ఆగలేదు. డ్రమ్ములన్నీ వదిన లారీ నెత్తి మీదుగా ఒక్కొక్కటే దొర్లుకుంటూ వెళ్ళి వాగులో పడ్డాయి. ఆఖరి డ్రమ్ము మీద ఒక గొర్రె నిలబడి ప్రయాణిస్తూ కనిపించింది.

ఇక వదిన చేతులకి పట్టు చిక్కలేదు. నవ్వుకి కడుపు పట్టుకుని బల్ల మీద వాలిపోయింది. మరదలు నేల మీద కూలబడింది. మామ్మగారి లారీ నిదానంగా, హారన్ కొట్టుకుంటూ గీత దాటింది.

"గెలిచాం!" అని మామ్మగారు లేచి తాతగారి జుట్టు చెరిపేసింది. ఆ తర్వాత అట్టపెట్టె తీసి మరదలి చేతిలో పెట్టింది.

"ఓడిపోయాం కదా మామ్మగారూ!"

"ఓడినవాళ్ళకేనమ్మా మెమరీ కావలసింది. ఎక్కడ బ్రేకు వేశారో గుర్తు పెట్టుకోవద్దూ? ఆదివారం మాత్రం ఎగ్గొట్టకండి."

ఇంటికి రాగానే డైనింగు టేబుల్ మీద గిన్నెలన్నీ అవతల పెట్టేశారు. వదిన స్క్రూలు విప్పింది. బ్యాటరీ తీగ ఊడదీసి, ముక్కని ఏటవాలుగా గాడిలో పెట్టి మరదలు మెల్లగా కిందికి నొక్కింది. అన్నీ బిగించి బటన్ నొక్కారు.

తెర వెలగలేదు.

మళ్ళీ నొక్కారు. లోపల ఫ్యాను ఒకసారి తిరిగి ఊరుకుంది. తెర మీద ముగ్గురి మొహాలు తప్ప ఏమీ లేదు.

"నేను ముట్టుకోలేదు," అన్నాడు మాస్టారు రెండు చేతులూ ఎత్తి.

"చంపేశాం వదినా," అంది మరదలు. "గెలిచిన దాన్ని గెలిచినట్టే చంపేశాం."

"ఉండవే. క్రేన్ హుక్కు సరిగ్గా పడకపోతే బరువు లేవదు. అంత మాత్రాన క్రేన్ చచ్చిపోయినట్టా? మళ్ళీ విప్పు."

మళ్ళీ విప్పారు. మరదలు ఫోను లైటు వేసి కళ్ళు చికిలించి చూసింది. ముక్క ఒక పక్క కొసన, గోరంత పైకి లేచి ఉంది. భయపడుతూ నొక్కడం వల్ల పూర్తిగా దిగలేదు. ఈసారి ఊపిరి బిగబట్టి గట్టిగా నొక్కింది. టిక్కుమంది. ఆ చిన్న చప్పుడుకి మాస్టారు ఉలిక్కిపడ్డాడు.

తెర వెలిగింది. మెమరీ ఎంతుందో చూపించే చోట అంకె రెట్టింపైంది. "బల్ల పొడుగైంది, బల్ల పొడుగైంది!" అంటూ మరదలు వంటింట్లోకీ హాల్లోకీ పరిగెత్తింది. వదిన ఆమె వెనక పరిగెత్తింది. ఏం చెయ్యాలో తోచక మాస్టారు కూడా పరిగెత్తాడు.

తన ఊరిని పాత కంప్యూటర్ నుంచి తెచ్చి మరదలు కొత్తదాంట్లో పెట్టింది. వదిన లారీ ఎక్కింది. ఇళ్ళు, చెట్లు, దీపాలు ఒక్కటి కూడా తగ్గకుండా వీధులన్నీ కళ్ళ ముందు పరుచుకున్నాయి. లారీ ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. వదిన మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది. ఆనందం పట్టలేక మూడో మలుపులో మరీ వేగంగా తిరిగి, కొత్తగా కట్టిన రైల్వే స్టేషన్ గోడలోంచి లోపలికి దూసుకుపోయి, టిక్కెట్ల కౌంటరు ముందు లారీని నిలబెట్టింది.

"వదినా! ఆ స్టేషన్ కట్టడానికి నాకు ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా?"

"ఎంత బాగా కట్టావే పిట్టా! లోపల బెంచీలు కూడా ఉన్నాయి!"

"బెంచీలు తర్వాత చూద్దువు గాని, ముందు రివర్స్ చెయ్!"

వదిన రివర్స్ చేసింది. వెనక గోడ కూడా పడిపోయింది.